చెప్పుల దగ్గర చుక్క

కోవిల్‌పట్టి
3-2-2025

అక్కకు,

నీ చెవుల సంగతి ఈసారి అడగను. పోయిన ఉత్తరంలో అడిగినందుకు పేజీన్నర తిట్టావు. డాక్టరు ఇచ్చిన చెవి మిషను ఇంకా బియ్యం డబ్బాలోనే ఉందా, దేవుడి పటాల దగ్గరికి చేరిందా అన్నది మాత్రం తెలుసుకోవాలని ఉంది. తిట్టకుండా ఒక్క ముక్కలో రాయి.

నిన్న ఫోను చేశాను. నేను చెప్పిన ప్రతిదానికీ నువ్వు "ఆఁ, ఆఁ" అన్నావు. చివర్లో నీ కూతురు జోతి ఫోను లాక్కుని, "పిన్నీ, అమ్మకు ఒక ముక్క కూడా వినపడలే. నువ్వు జాబే రాయి" అంది. అన్నేళ్ళు మరమగ్గాల మధ్య నిలబడితే ఎవరి చెవులైనా అంతే. అయినా మనకు ఉత్తరాలే మేలు. నోటితో అందరం తెలుగే మాట్లాడతాం గాని, మన రెండిళ్ళలో తెలుగు చదవగలిగింది మనిద్దరమే. పొన్నయ్య వాద్యారు చిన్నప్పుడు మనల్ని తన అరుగు మీద కూర్చోబెట్టి, చెవి మెలిపెట్టి నేర్పిన అక్షరాలు ఇలా అక్కరకొస్తున్నాయి. ఆయన కొడుకు దగ్గరికి ఎట్టయాపురం వెళ్ళిపోయాడని విన్నాను. ఇక్కడే ఉంటే వెళ్ళి చెప్పేదాన్ని, మీ శిష్యురాళ్ళు మొగుళ్ళను తిట్టుకోవడానికి మీ అక్షరాలు వాడుతున్నారని.

ఇక నా గొడవ విను. ఎనిమిదో తరగతికి వేడి పాఠం చెబుతున్నాను. పుస్తకం చదువుతుంటే అందరికీ నిద్ర వస్తోంది, నాతో సహా. అందుకని పిల్లలను గుంపులుగా చేసి, గుంపుకొక థర్మామీటరు ఇచ్చి, బడి చుట్టుపక్కల వీధుల్లోకి పంపబోతున్నాను. ఒక్కో చోట వేడి ఎంతో కొలుస్తారు. ఇంటి నుంచి తెచ్చిన ఫోనులో జీపీఎస్ పెట్టి ఆ చోటును గుర్తు చేస్తారు. తర్వాత కంప్యూటరులో మా ఊరి పటం మీద ఆ చుక్కలన్నీ పెట్టి, చల్లని చోటుకు నీలం, మండే చోటుకు ఎరుపు వేస్తాం. ఏ వీధి ఎందుకు కాలుతోందో పిల్లలే చెప్పాలి.

మా పెద్ద టీచరు సత్యప్రియ గారికి ఫోను పేరు చెబితేనే గిట్టదు. ఆవిడ కాళ్ళావేళ్ళా పడితే చివరికి ఒప్పుకుంది. "మార్చిలో తల్లిదండ్రులు వచ్చే రోజుకు పటం చూపించాలి. అది తప్పుల తడకగా ఉందో, ఇంక ఈ గేటు లోపలికి ఫోను రాకూడదు" అని ముందే చెప్పేసింది.

ఎండకు మరింత నల్లబడబోతున్న నీ చెల్లెలు,
మునీశ్వరి


విరుదునగర్
9-2-2025

మునీ,

చెవి మిషను బియ్యం డబ్బాలోంచి పప్పు డబ్బాలోకి మారింది. చాలా? అది పెట్టుకుంటే మగ్గాల చప్పుడు రైలు మీదికొచ్చినట్టుంటుంది. తీసేస్తే అంతా నెమ్మది. ఏ మగ్గం ఆగిందో కాలికింద నేల అదిరే తీరును బట్టి నాకు తెలుస్తుంది. నాకు చెవులతో పని లేదు.

ఊరి పిల్లలను ఎండలో తిప్పడానికా నువ్వు సైన్సు చదివింది? ఏ వీధి కాలుతుందో తెలియడానికి చెప్పులు విప్పి నిలబడితే చాలదా? సరే, నీ ఉద్యోగం నీ ఇష్టం. పిల్లలకు మజ్జిగ ఇవ్వడం మరచిపోకు.

అయితే ఆ జీపీఎస్ మాట నన్ను పట్టుకుంది. ఎక్కడున్నదీ ఆకాశం నుంచి కనిపెడుతుందట కదా, జోతి చెప్పింది. అలాంటిది చేతిలో పెట్టుకుని నువ్వు వీధుల వేడి కొలుస్తున్నావు. ముందు మీ బావను కనిపెట్టి పెట్టు.

నవ్వకు. ఎవరితోనూ చెప్పుకోలేనిది నీకు రాస్తున్నాను. ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. కోపంతో కాదు. కోపమైతే నాకు తెలుస్తుంది, తీర్చడమూ తెలుసు. ఒకప్పుడు ఆయన మాట మగ్గం కంటే ఎక్కువ ఆడేది. రోడ్డు మీద ఎద్దు కనబడినా ఇంటికొచ్చి చెప్పేవాడు. ఇప్పుడు ఏదున్నా జోతితో అంటాడు. అది నా దగ్గరికొచ్చి అందులో సగం అరుస్తుంది. రెండేళ్ళుగా మొగుడి మాటలు నాకు కూతురు నోటి నుంచి వస్తున్నాయి.

దానికి తోడు కొత్త అలవాటు. ప్రతి గురువారం తల దువ్వి, ఉతికిన చొక్కా వేసుకుని, సాత్తూరులో నూలు ఏజెంటును చూడాలని బయలుదేరతాడు. నూలు ఏజెంటు కోసం తలకు నూనె పెట్టుకునే మగాణ్ణి నువ్వు చూశావా?

నీ అక్క,
కార్తీశ్వరి


కోవిల్‌పట్టి
15-2-2025

అక్కా,

ముందు నీ సందేహం తీరుస్తాను. ఆకాశంలో ఉన్న ఉపగ్రహాలు ఎవరినీ చూడవు. వాటికి బావ ఎవరో, ఎద్దు ఎవరో తెలియదు. అవి ఊరికే కబురు పంపుతూ ఉంటాయి. కిందున్న ఫోను ఆ కబుర్లు విని, ఏది ఎంత ఆలస్యంగా వచ్చిందో లెక్క కట్టి, తానెక్కడుందో తానే తెలుసుకుంటుంది. భూమి మీద అడ్డంగా, నిలువుగా గీతలు ఊహించుకుంటారు. నీ మగ్గంలో పడుగూ పేకా లాగే. ఏ పడుగు పోగూ ఏ పేక పోగూ కలిశాయో చెబితే చోటు తెలిసిపోతుంది. ఈ మాట తరగతిలో చెబితే, మగ్గాలున్న ఇళ్ళ పిల్లలు నాకంటే ముందే చెయ్యెత్తారు.

ఫోను తానున్న చోటును ఇంకొకరి ఫోనుకు పంపే ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని నీకు చెప్పను. బావ మీద నిఘా పెట్టడానికి నేను సాయం రాను.

ఇప్పుడు నా పరువు పోయిన కథ విను. బుధవారం పిల్లలు మొదటిసారి కొలిచి వచ్చారు. పటం మీద రంగులు వేసి సత్యప్రియ గారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. మా పటం ప్రకారం ఊళ్ళోకెల్లా చల్లని చోటు అమ్మవారి గుడి ముందున్న తారు రోడ్డు. "మునీశ్వరీ, అయితే మే నెలలో అందరం చాపలు తీసుకుని ఆ రోడ్డు మీద పడుకుందాం" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ గుంపును నిలబెట్టి అడిగాను. ముత్తుసెల్వి అని ఒక పిల్ల ఉంది, ఏ తప్పునూ దాచడం రాదు. "టీచర్, గుడిలోకి తోలు తీసుకోని పోకూడదు కదా. మా నాయన ఫోను ఉండేది తోలు సంచిలో. అందుకే అందరి చెప్పుల దగ్గర దాన్ని పెట్టి నేను కావలి కూర్చుంటిని. వాళ్ళు లోపల రాతి మండపంలో కొలిచి ఎంతో కేకేసిరి. నేను బయట నొక్కితిని" అంది.

మండపంలోని చల్లదనమంతా రోడ్డు మీదికి ఎలా వచ్చిందో అర్థమైంది కదా. కోప్పడలేకపోయాను. మనం చిన్నప్పుడు గుడికి వెళితే చెప్పులకు కావలి కూర్చున్నది ఎవరు? నేనే. నువ్వు లోపలికి వెళ్ళి నా ప్రసాదం కూడా తినేదానివి. ఆ రోజు పాఠం బోర్డు మీద ఇదే రాశాను: చుక్క చూపేది ఫోను ఉన్న చోటు. మనిషి ఉన్న చోటు కాదు.

సత్యప్రియ గారు ఇంకొక్క అవకాశం ఇచ్చింది. ఇదే చివరిది.

మునీశ్వరి


విరుదునగర్
21-2-2025

మునీశ్వరికి,

నువ్వు చెప్పనంటే ఆగిపోతానా. నా కూతురు కాలేజీలో ఊరికే చదవడం లేదు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు జోతి ఆ ఏర్పాటేదో చేసేసింది. నిన్న గురువారం పొద్దుటి నుంచీ నా ఫోనులో మీ బావ నీలం చుక్కగా తిరిగాడు. దాన్నే చూస్తూ రెండు మగ్గాల్లో పోగులు తెగినా గమనించలేదు.

చుక్క బస్టాండుకు వెళ్ళింది. బస్సు ఎక్కింది. సాత్తూరు వచ్చింది. అక్కడ దిగాలి కదా? దిగలేదు. నేరుగా కోవిల్‌పట్టి వచ్చి, నీ బడి వెనకాల సందులో ఆగింది. మధ్యాహ్నం దాకా అక్కడే కదలకుండా ఉంది. సాయంత్రం ఇంటికొచ్చాక, సాత్తూరులో ఎండ ఎక్కువని జోతితో అన్నాడట.

నీ ఊరు. నీ బడి. నీ సందు. ఏమీ తెలియనట్టు నాకు పడుగూ పేకా పాఠం చెబుతున్నావు. ఇప్పుడు నాకు అర్థమైంది. మీరిద్దరూ కలిసి నన్ను మదురై ఆస్పత్రికి తీసుకెళ్ళి చెవులకు కోత పెట్టించాలని చూస్తున్నారు. పోయిన దీపావళికి నువ్వు ఆ మాట ఎత్తావు, నేను మరచిపోలేదు. నా చెవుల గురించి నా వెనక కూర్చుని మాట్లాడుకోవడానికి ఆయన తలకు నూనె పెట్టుకుని రావాలా?

పోయినసారి పంపిన వేరుసెనగ మిఠాయి బాగుంది. అది వేరే విషయం.

కార్తీశ్వరి


కోవిల్‌పట్టి
25-2-2025

అక్కా,

మన అమ్మ మీద ఒట్టు, బావ ఇక్కడికి వస్తున్నట్టు నాకు తెలియదు. గురువారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను తరగతిలోనే ఉంటాను. మా ఇంటికి ఆయన రాలేదు. ఆస్పత్రి లేదు, కోత లేదు. నీ చెవుల జోలికి వచ్చే ధైర్యం ఎవరికుంది?

జోతి ఆ చుక్క బొమ్మను నాకు పంపింది. చూశాను. అక్కా, ఆ చుక్క గోడకు కొట్టిన మేకు కాదు. దాని చుట్టూ లేత నీలం రంగులో ఒక గుండ్రం కనబడుతుంది చూడు. ఫోను ఆ గుండ్రంలో ఎక్కడైనా ఉండవచ్చు అని దాని అర్థం. సన్నని సందుల్లో గోడలకు తగిలి ఉపగ్రహాల కబుర్లు దారి తప్పుతాయి. అలాంటప్పుడు గుండ్రం పెద్దదవుతుంది. బావ గుండ్రంలో ఒక మేకల దొడ్డి ఉంది, ఒక ప్రార్థన మందిరం ఉంది, అద్దెకిచ్చే చిన్న ఇళ్ళు కొన్ని ఉన్నాయి. రమేష్‌బాబు అనే ఆయన నడిపే, పేక ముక్కలాడే చీట్లాట గది కూడా ఉంది. ఇందులో ఏదో నాకు తెలియదు. తెలియనిది తెలుసునని చెప్పకూడదని పిల్లలకు నేర్పుతున్నాను కాబట్టి నీకూ అలాగే చెబుతున్నాను.

నేను ఫోను చేసి ఆయన్నే అడగనా? రెండు నిమిషాల పని.

మునీశ్వరి


విరుదునగర్
1-3-2025

మునీ,

అడగొద్దు. అడిగితే మేం చూస్తున్నామని తెలిసిపోతుంది. అప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

చీట్లాట అని రాశావు చూడు, ఆ రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మేకల దొడ్డితో ఆపి ఉండకూడదా? మొన్న గురువారం కూడా చుక్క అక్కడే కూర్చుంది. కోపంతో ఆయనకు రెండు రోజులు పప్పే వండాను. నోరెత్తకుండా తిన్నాడు. ముఖం మాత్రం ఒకలా పెట్టాడు.

నిజం చెబుతాను. చీట్లాట అయినా నాకు ఫర్వాలేదు, తిట్టి మాన్పించగలను. నా భయం అది కాదు. నాకు చెప్పే మాటలన్నీ ఆయన ఇప్పుడు ఇంకెవరికో చెబుతున్నాడేమోనని. అక్కడ వినే చెవులు ఉన్నాయేమోనని. మగ్గాల షెడ్డులో పెద్దమనిషిలా తిరుగుతానే గాని, ఈ ఒక్క విషయంలో నాకు ఏడుపొస్తోంది. నాకు ఆయన మాట కావాలి, మునీ.

నీ పిల్లలు ఆ సందులో కూడా కొలుస్తారు కదా. వీధి వేడితో పాటు మీ బావను కూడా కొలిచి రమ్మను.

ఇంకొకటి. బీరువాలో నీ ఉత్తరాల కట్ట తలకిందులుగా ఉంది. జోతి సర్దిందేమో. దానికి చదవను రాదు కాబట్టి సరిపోయింది.

నీ అక్క


కోవిల్‌పట్టి
9-3-2025

అక్కా,

కూర్చుని చదువు. మగ్గాలు ఆపేసి చదివినా తప్పులేదు.

పిల్లలను నేను వేగుకు పంపలేదు. ఆ సందు ముత్తుసెల్వి గుంపు వంతుకు వచ్చింది, అంతే. ఈసారి కొత్త నియమాలు పెట్టాను. థర్మామీటరు పట్టుకున్నవాళ్ళూ ఫోను పట్టుకున్నవాళ్ళూ భుజానికి భుజం ఆనించి నిలబడాలి. తోలు సంచులు బడిలోనే వదిలేయాలి. ప్రతి చుక్క పక్కనా అక్కడ ఏముందో రాయాలి: నీడా, తారా, రేకా, మట్టా. గురువారం కొలిచి వచ్చారు. సాయంత్రం ఒక్కో చుక్కనూ పటం మీద ఎక్కిస్తుంటే ముత్తుసెల్వి రాసింది కనబడింది: "తాటాకు పందిరి. నేల మట్టి. చల్లగా ఉంది. అరుగు మీద ఒక పెద్ద మామ పలక పట్టుకుని కూర్చుని తాతతో తిట్లు తింటున్నారు."

ఆ పిల్లను పిలిచి అడిగాను. "అవును టీచర్. తాత, 'ఇదేమి అక్షరమా, ఉడికిన సేమియానా' అనె. మామ చెరిపి మళ్ళీ రాసె. అక్కడ ఫోను లోపలికి ఎత్తుకోని పోకూడదంట, చెప్పుల మీదే పెట్టాలంట. మాకు చెప్పిరి. మేం వీధిలోనే నిలబడి కొలిస్తిమి" అంది. తన పటం తప్పని ఎక్కడ అంటానోనని దాని భయం దానిది.

మరునాడు బడి వదలగానే ఆ సందులోకి వెళ్ళాను. పందిరి కింద ఉన్నది మన పొన్నయ్య వాద్యారే. కోడలితో పడక ఎట్టయాపురం నుంచి వచ్చేసి అక్కడ ఒక గది అద్దెకు తీసుకున్నాడట. చూపు మందగించింది, గొంతు మాత్రం అదే. నన్ను గుర్తుపట్టి ముందు అన్న మాట, "చెప్పులు విడిచి రా."

ప్రతి గురువారం వస్తున్న శిష్యుడు ఎవరని అడగాల్సిన పనే పడలేదు. నారాయణన్ అని బావ పేరు వాద్యారే చెప్పాడు. మగ్గం నైలాను దారంతో కుట్టిన చెప్పులు వేసుకుంటాడట. బావ చెప్పులు అలా కుట్టింది నువ్వే కదా. అచ్చులు అయిపోయాయట, హల్లులు అయిపోయాయట, ఇప్పుడు మాటలు కూడబలుక్కుని రాస్తున్నాడట. "నీ అక్క ఇంత మొద్దు కాదు. కానీ వీడు వదలడు" అన్నాడు వాద్యారు. ఎందుకు నేర్చుకుంటున్నాడో నేను అడగలేదు. అది ఆయన నీకు చెప్పాల్సిన మాట. నువ్వు నోరు మూసుకుని, ఏమీ తెలియనట్టు ఉండు. కష్టమే, తెలుసు.

నిన్న తల్లిదండ్రులు వచ్చారు. పటం గోడ మీద వేసి చూపించాం. ఈసారి గుడి మండపం నీలంగా, ముందున్న రోడ్డు ఎర్రగా, ఎక్కడివక్కడ ఉన్నాయి. అన్నిటికంటే ఎర్రటి చుక్క దగ్గర ఒకామె చాలాసేపు నిలబడింది. "ఇది మేం అగ్గిపెట్టెలు అంటించే రేకుల షెడ్డు కదా, టీచర్" అని, "పిల్లోళ్ళు కొలిచింది ఒక కాగితంలో ఇస్తారా, ఓనరుకు చూపించాల" అంది. సత్యప్రియ గారు తానే వెళ్ళి ఆమెకు ప్రింటు తీసి ఇచ్చింది. నన్ను మెచ్చుకోలేదు. జూన్‌లో ఏడో తరగతి వాళ్ళనూ చేర్చుకో అంది. ఆవిడ నోట అదే మెచ్చుకోలు.

ఎగిరి గంతేస్తున్న,
మునీశ్వరి


విరుదునగర్
14-3-2025

మునీ,

నోరు మూసుకునే ఉన్నాను. ఎంత కష్టపడ్డానో దేవుడికి తెలుసు. నిన్న గురువారం ఫోను ముట్టుకోలేదు, చుక్కను చూడలేదు. జోతితో చెప్పి ఆ ఏర్పాటు తీయించేశాను.

రాత్రి అన్నం తిని ఆయన చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, నా నీళ్ళ చెంబు కింద పెట్టి, పని ఉందని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. అక్కడ మగ్గాలన్నీ ఆపేసి ఉన్నాయి, ఏం పనో. కాగితం నిండా అక్షరాలు చీమల బారులా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఉన్నదున్నట్టు నీకు ఎక్కించి పంపుతున్నాను.

"కార్తీశ్వరికి. పప్పులో ఉప్పు ఎక్కువ. రెండు సంవత్సరంగా ఎక్కువ. మెల్లిగా చెప్తే నీకు వినపడలే. గట్టిగా చెప్తే వీధికంతా వినపడుతుంది. పెండ్లాన్ని వీధి వినేట్టు అరిచేవాడని పేరొద్దని గమ్మునుంటిని. జోతి నోట చెప్పిస్తే తిట్టు తిట్టుగా ఉండదు, మంచి మాట మంచి మాటగా ఉండదు. అరవంలో రాయొచ్చు. నూలు ఏజెంటుకు రాసినట్టుంటుంది. నిన్ను నేను ఎప్పుడైనా అరవంలో తిట్టింటినా. అందుకే వాద్యారు దగ్గరికి పోతిని. బీరువాలో ఉండే నీ చెల్లెలి జాబులు అన్నీ కూడబలుక్కోని చదివితిని. నాకు చీట్లాట రాదు. నేను నీతో మాట్లాడేది నిలిపేయలే. మాటలు చేర్చి పెట్టుకోనుండాను. శానా ఉండాయి. ఒకటొకటిగా రాస్తా. పోయిన వారం సాత్తూరు దగ్గర బస్సుకు అడ్డంగా ఒక ఎద్దు నిలబడె. నారాయణన్."

నేను వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. మూడుసార్లు చదివి మూడుసార్లూ ఏడ్చాను, ఎద్దు దగ్గర మాత్రం నవ్వాను. జోతి వచ్చి, "ఏమిటికి ఏడస్తా ఉండావు, నాయన ఏమి రాసినాడు" అని అడిగింది. ఉప్పు గురించి అన్నాను. నాకు పిచ్చి పట్టిందనుకుంది.

ఇకమీదట మన ఉత్తరాలు చదివే మగాడొకడు ఈ ఇంట్లో ఉన్నాడు, చూసి రాయి. వాద్యారుకు శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా పంపుతున్నాను, నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు, దారిలో తినకు. చెవి మిషను పప్పు డబ్బాలోంచి తీసి తుడిచి పెట్టాను. పెట్టుకుంటానని కాదు, చూద్దాం.

ఇవాళ కూడా పప్పే వండాను. ఉప్పు నిన్నటి కంటే ఇంకో చెంచా ఎక్కువ వేశాను. ఆయన కంచం పక్కన మంచినీళ్ళు పెట్టాను, కాగితం పెట్టాను, జోతి పెన్ను పెట్టాను. ఇప్పుడు తినడానికి కూర్చున్నాడు.

నీ అక్క,
కార్తీశ్వరి